దేవన్న గిటారు డబ్బా ఎటు చూడాలి?

కుండల్‌వాడి బజారు గల్లీలో దేవన్న పిండి గిర్నీ ముందు ఎప్పుడు చూసినా నలుగురైదుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉంటారు. అదే గల్లీలో ఇంకో గిర్నీ ఉంది గానీ అక్కడ ఇంత రద్దీ ఉండదు. దేవన్న రాయి మంచిదని, పిండి మెత్తగా పడుతుందని జనం అంటారు. కావచ్చు. కానీ ముసలివాళ్ళు జొన్నల డబ్బా నెత్తిన పెట్టుకుని వస్తుంటే ఆయన గిర్నీ మెట్లు దిగి వీధిలోకి ఎదురువెళ్ళి డబ్బా అందుకుంటాడు. పట్టడం అయ్యాక తొట్టి అంచుకు అంటుకున్న పిండిని కూడా అరచేత్తో తట్టి వాళ్ళ డబ్బాలోనే వేస్తాడు. నేల మీద పడ్డదాన్ని ఊడ్చి గోడవారన చీమలకు పోస్తాడు. "వాటికి రొట్టె చేసిపెట్టేటోళ్ళు ఎవరున్నరు?" అంటాడు.

ఈ దేవన్న దగ్గర ఎలక్ట్రిక్ గిటారు ఉందంటే కొత్తవాళ్ళు నమ్మరు. నాయ్‌గావ్ దగ్గరి పల్లెలో పుట్టినవాడు, ఏడో తరగతితో బడి మానేసినవాడు. కుర్రతనంలో పని వెతుక్కుంటూ నాందేడ్ పోయి ఒక ఆర్కెస్ట్రా పార్టీలో చేరాడు. పాడటానికి కాదు, పెట్టెలు మొయ్యటానికి. పెళ్ళిళ్ళకూ గణపతి మండపాలకూ ఆ పార్టీ వెళ్ళేది. అందులో గిటారు వాయించే నందకిషోర్ బట్టల వ్యాపారి కొడుకు. మధ్యాహ్నం పూట అందరూ పడుకుంటే ఇతనికి నిద్ర పట్టేది కాదు. పెట్టెల దగ్గర కూర్చున్న దేవన్నను పిలిచి, "ఇటు రా, వేలు గిట్ల పెట్టు" అని నేర్పించాడు. తర్వాత తండ్రి దుకాణంలో కూర్చోవాల్సి వచ్చినప్పుడు గిటారును దేవన్న చేతిలోనే పెట్టేశాడు. దేవన్న పెళ్ళి చేసుకుని, మామగారి గిర్నీ నడపటానికి కుండల్‌వాడి వచ్చాడు. గిటారు కూడా వచ్చింది. చాలా ఏళ్ళు గిర్నీ గోడకు మేకు మీద పిండి దుమ్ము కొట్టుకుంటూ వేలాడింది. ఎలక్ట్రిక్ గిటారు ఒంటరిగా మోగదు కదా. దాని గొంతు పెద్దది చేసే డబ్బా కావాలి, అది లేదు.

మొన్నటి ఎండాకాలం నందకిషోర్ దుకాణం మెట్ల కింద సామాను తీస్తుంటే అలాంటి డబ్బా ఒకటి దొరికింది. చిన్నది, ముందువైపు జాలీ, వెనుక సగం తెరిచి ఉంటుంది. ఫోన్ చేసి, "వచ్చి తీసుకపో" అన్నాడు. దేవన్న తెల్లారే బస్సెక్కాడు. తిరిగివచ్చేటప్పుడు బస్సు కిటకిటలాడుతోంది. డబ్బాను టాప్ మీద వేయమన్నాడు కండక్టరు. చంటిపిల్లతో కూర్చున్న ఒకామె తన కాళ్ళు పైకి ముడుచుకుని సీటు కింద చోటు చేసింది. "గంత పదిలంగ పట్టుకున్నవు, లోపట దేవుడున్నడా ఏంది?" అని అడిగింది.

"దేవుడు లేడు అక్కా, పాటుంది."

"అయితే కాలు తగలనియ్య లే," అని ఆమె దారంతా కాళ్ళు ముడుచుకునే కూర్చుంది. ఆమె పేరు అడగలేదని దేవన్న ఇప్పటికీ నొచ్చుకుంటాడు.

సాయంత్రం గిర్నీ ఆగాక ఆ డబ్బాకు తీగ తగిలించి వాయిస్తే, గుడిగంట కొట్టాక గాలిలో మిగిలే నాదంలాగా వినిపించింది. ఒక్కొక్క స్వరం విడివిడిగా, కడిగిన ముత్యంలా ఉండేది. గల్లీలో వాళ్ళు తలుపులు తీసి వినేవారు. పిండి కోసం వచ్చి ఆలస్యమైన అనుసూయాబాయి ఒకరోజు అలాగే బస్తా మీద కూర్చుండిపోయింది.

ఇక్కడ అనుసూయాబాయి గురించి చెప్పాలి. మా విఠ్ఠల మందిరంలో ఏటేటా సప్తాహం జరుగుతుంది. ఏడు రోజులు రాత్రీపగలూ హరినామం ఆగదు, వీణ కింద పెట్టరు, ఒకరు అలసిపోతే ఇంకొకరు మెడలో వేసుకుంటారు. ఐదో రోజు సాయంత్రం ఆడవాళ్ళ భజన. అందులో ముందు పాడేది అనుసూయాబాయి. మహారాష్ట్ర అంచున ఉన్న మన సరిహద్దు పల్లెల్లో మరాఠీ అభంగాల మధ్య తెలుగు పాట వినిపించేది ఆమె నోటనే. పక్కన భర్త రామచందర్ హార్మోనియం పట్టుకుని కూర్చునేవాడు. ఆయన సుర్ ఇస్తే, అంటే పాటకు శ్రుతి పట్టిస్తే, ఆమె అందుకునేది. రామచందర్ పోయాక హార్మోనియం వాయించేవారు లేరు, ఆమె కూడా నోరు తెరవలేదు. సప్తాహానికి వచ్చి తాళాలు పట్టుకుని కూర్చుంటుంది, వెళ్ళిపోతుంది. ఎవరూ అడిగే ధైర్యం చేయలేదు.

ఆ రోజు గిర్నీలో బస్తా మీద కూర్చుని ఆమె మెల్లగా గొంతు కలిపింది. దేవన్న తల ఎత్తలేదు, ఎత్తితే ఆమె ఆపేస్తుందేమోనని. పాట అయిపోయాక పిండి డబ్బా తీసుకుంటూ అంది:

"దేవన్నా, ఆయన పట్టిన సుర్ గిదే. గిట్లనే ఇచ్చేటోడు."

"సప్తాహంల ఇస్త అవ్వా. నువ్వు పాడు."

ఆమె పిండి డబ్బాను మళ్ళీ కింద పెట్టింది. "పాడుత. గని ఒక్క మాట. నాకు సుర్ సాఫ్‌గ ఇనబడాలె. ఇనబడకపోతె నోరు తెరువ. ఇంకెన్నడు అడగొద్దు."

దేవన్న నవ్వుతూ సరే అన్నాడు. గిర్నీలో ముత్యంలా మోగేది గుడిలో ఎందుకు మోగదు? అదే ఆయన అనుకున్నది.

ఏకాదశి నాడు గుడిలో మొదటిసారి అందరితో కలిసి కూర్చున్నాడు. పఖవాజ్ మద్దెల ఒకటి, రెండు వరుసల్లో తాళాలు, మధ్యలో వీణ పట్టుకుని వెంకట్రావ్ పటేల్. ఆయన మా భజన మండలికి పెద్ద. నేనూ ఒక వరుసలో తాళాలు పట్టుకుని ఉన్నాను. దేవన్న డబ్బాను గర్భగుడి ముందు, జాలీ దేవుడివైపు ఉండేట్టు పెట్టాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. దేవుడి ముందు దేన్ని పెట్టినా మొహం ఆయనవైపే పెడతాం కదా.

తాళాలు మొదలవగానే గిటారు మాయమైపోయింది. దేవన్న వేళ్ళు కదులుతున్నాయి, శబ్దం లేదు. వంగి డబ్బా మీద చప్పుడు పెంచే మీట తిప్పాడు. కొద్దిగా వినిపించింది. ఇంకా తిప్పాడు. అప్పుడు జరిగింది అసలు వింత. పెద్దదవ్వాల్సిన శబ్దం పెద్దది కాలేదు, పాడైంది. జలుబు చేసినవాడు అరిచినట్టు బొంగురుగా, బుర్రుమంటూ వచ్చింది. ముత్యాలన్నీ ఒకే ముద్దయిపోయాయి. అనుసూయాబాయి చెవి అటు పెట్టి విన్నది, ఒకసారి నోరు తెరవబోయి మూసుకుంది.

"గది సుర్ కాదు బిడ్డా," అంది మెల్లగా. "గిర్నీ పట్టా జారినట్టుంది."

దేవన్నకు ఆ రాత్రి అన్నం సహించలేదు. మర్నాడు గిర్నీలో అదే డబ్బా, అదే గిటారు పెట్టి, మీట రోజూ ఉండే చోటే ఉంచి వాయించాడు. ముత్యమే! ఏం అర్థం కాలేదు. భార్య చంద్రభాగ రొట్టెలు చేస్తూ తేల్చి చెప్పింది:

"డబ్బాకు ఏం కాలే. గిర్నీ సప్పుడుకు నీ చెవులే పోయినయి. నేను పిలిస్తె ఎన్నడన్న ఇన్నవా?"

"అవ్వకు గూడ ఇనబడలేదు కదనే."

"అయితె ఆమె చెవులు గూడ పోయినయి. ఊరంత నీ గిర్నీకే అస్తది కదా!"

నవ్వుతూనే అంది గానీ దేవన్నకు భయం పట్టుకుంది. నిజంగా చెవులేనేమో? గోడ గడియారం దగ్గరగా నిలబడి, దూరంగా నిలబడి చప్పుడు వినిచూసుకున్నాడు. వినిపిస్తోంది. మరి?

నందకిషోర్‌కు ఫోన్ చేశాడు. "అరే దేవా," అన్నాడు ఆయన, "గది ఇంట్ల వాయించుకునే డబ్బా. చిన్న గిన్నెల ఎక్కువ పాలు పోస్తె పొంగిపోవా? దాని బలం అయిపోయినంక నువ్వు ఎంత తిప్పినా సప్పుడు పెరగది, చెడిపోతది. పెద్దది కావాలె." పెద్దది ఎక్కడినుంచి వస్తుంది? దేవన్న ఫోన్ పెట్టేశాడు. కానీ సాయంత్రం నందకిషోరే మళ్ళీ ఫోన్ చేసి, "మా పాత పార్టీ వాళ్ళను అడిగి చూసిన, ఎవరి దగ్గర లేదురా, ఏమనుకోకు," అన్నాడు. దుకాణం మూసుకుని అంతమందిని అడిగినందుకు దేవన్న చేతులెత్తి ఫోన్‌కే దండం పెట్టాడు.

ఫోన్‌లో వీడియోలు చూశాడు. ఒకడు లావు చప్పుడు, అంటే బేస్, తగ్గించమంటాడు, ఇంకొకడు మధ్య చప్పుడు పెంచమంటాడు, మూడోవాడు గిటారు మీద ఉన్న మీట తగ్గించి డబ్బా మీట పెంచమంటాడు, నాలుగోవాడు సరిగ్గా దానికి ఉల్టా చెబుతాడు. అన్నీ చేశాడు. ఏది చేసినా గిర్నీలో బాగానే ఉంటుంది. గిర్నీలో తాళాలు లేవు కదా. చూస్తుండగానే సప్తాహం దగ్గరికొచ్చింది.

సప్తాహానికి మండపం, మైకులు అమోల్‌వి. కుర్రవాడే గానీ పెళ్ళిళ్ళలో పేరున్నవాడు, మంచి మనసున్నవాడు. గుడి దగ్గర దీపాలకు తీగలు ఉచితంగా లాగుతాడు. దేవన్న బాధ విని, "ఓస్, గింతేనా కాకా! డబ్బా ముంగట నా మైకు పెడ్త. బయట నా పెద్ద పెట్టెలల్లకెల్లి అస్తది. ఊరంత ఇంటది," అన్నాడు.

సప్తాహం మొదటిరోజు అలాగే చేశారు. నిజంగానే ఊరంతా విన్నది. బస్టాండు దగ్గర జీపుల వాళ్ళు కూడా విన్నారట. గుడి లోపల మాత్రం ఏమీ లేదు. పాట వీధిలోంచి తిరిగి, కాస్త ఆలస్యంగా, గుమ్మంలోంచి లోపలికి వస్తోంది. అనుసూయాబాయి తాళాలు ఒళ్ళో పెట్టుకుని గుమ్మం వైపు చూసింది.

"దేవన్నా, నువ్వు గీడ కూసున్నవు. నీ సుర్ బజార్ల తిరుగుతుంది. నేను గాడికి పోయి పాడాల్నా?"

పక్కన కూర్చున్న యమునాబాయి ఫక్కున నవ్వింది. యమునాబాయి తాళాల వరుసకు నాయకురాలు, ఆమె తాళాలు అందరివాటికంటే బరువైనవి. "పో అక్కా, పోయేటప్పుడు నాకు జర కూరగాయలు పట్టుకరా."

లోపల ఇంకో పెట్టె పెట్టబోతే అది మైకుతో కలిసి కీచుమంది. వెంకట్రావ్ పటేల్ ఉలిక్కిపడి వీణ గట్టిగా పట్టుకున్నాడు. "అరే బాబూ, దేవుడు లేచి బయటికి పోతడు, తీసెయ్," అన్నాడు. తీసేశారు.

మైకు చుట్టుకుంటూ అమోల్ ఒకసారి డబ్బా చుట్టూ తిరిగాడు. తిరిగి వెనక్కి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"కాకా, దీన్ని ఉల్టా పెట్టిండ్రు కదా!"

"ఉల్టా ఏంది?"

"దీని నోరు గిటు, జాలీ దిక్కు. నోరు గర్భగుడిల పెట్టి, వీపు మనుషుల దిక్కు పెట్టిండ్రు. సుర్ అంత రాతిగోడల కొట్టుకుంటుంది. మీకు ఇనబడేది దీని వీపు సప్పుడు. ఇనబడ్తలేదని మీరు తిప్పుతుండ్రు, అది పగులుతుంది. దీని మొకం అవ్వ దిక్కు తిప్పుండ్రి, సగం మీటకే సాఫ్‌గ ఇనబడ్తది."

దేవన్న ఆ మాట విని ఒక అడుగు వెనక్కి వేశాడు. "తిప్పితె దేవునికి వీపయితది కదరా!"

అమోల్ తల గోక్కున్నాడు. అతనికి కూడా ఆ సంగతి తట్టలేదు. మేము దర్శనం చేసుకుని వచ్చేటప్పుడు కూడా గుమ్మం దాటేదాకా వెనక్కి వెనక్కి నడుస్తాం. పిల్లలకు మొదట నేర్పేది అదే. అలాంటిది గర్భగుడి ఎదురుగా, ఏడు రోజులూ దేవుడికి వీపు పెట్టి ఒక వస్తువు కూర్చోవడమా?

విషయం వెంకట్రావ్ పటేల్ దగ్గరికి పోయింది. ఆయన కోపిష్టి కాదు. అందుకే చిక్కు. కోపిష్టి అయితే వద్దని ఒక్క మాటలో తేల్చేసేవాడు. ఈయన వీణ మెడలో వేసుకుని ఆలోచనలో పడ్డాడు.

"డబ్బాకు వీపు ఉంటదంటవా?" అని తననే తాను అడిగినట్టు అడిగాడు.

"జాలీ దిక్కు మొకం అంటుండు పటేలా," అన్నాడు దేవన్న.

"మరి పఖవాజ్‌కు రెండు మొకాలుండె. దానికి వీపేది?"

"దానికి వీపు లేదు."

"హార్మోనియంకు?"

"గది రామచందర్ మామ దిక్కు ఉండేది. దేవుని దిక్కు కాదు, మన దిక్కు కాదు."

"నాకేం తెలుస్తలేదు దేవన్నా," అన్నాడు పటేల్ నిజాయితీగా. "తప్పంటె తప్పు. కాదంటె కాదు. పాట దేవునికే కదా పాడేది? ఆయన దిక్కు ఉంటె ఆయనకు ఇనబడ్తలేదా?"

ఆ మాట దేవన్నను ఇంకా తికమక పెట్టింది. నిజమే. పాట ఎవరికి? దేవుడికైతే డబ్బా సరైన వైపే చూస్తోంది, బొంగురుపోయినా ఆయన వింటాడు. మరి సుర్ అనుసూయాబాయికి కదా కావాలి? ఆమె పాడకపోతే దేవుడు వినేదేమిటి? గిర్నీలో జొన్నలు పోస్తూ కూడా ఇదే ఆలోచన. ఒకామె గోధుమలు జొన్నల తొట్టిలో పోసేశాడు. ఆమె తిట్టలేదు. "పోనీ లే దేవన్నా, రెండూ కలిస్తె రొట్టె మెత్తగయితది," అని తీసుకుపోయింది.

నడిమధ్యగా ఒక ఉపాయం చేశారు. డబ్బాను పక్కకు, స్తంభం వైపు తిప్పి పెట్టారు. దేవుడికి వీపు కాదు, మొహమూ కాదు. అప్పుడు గిటారు మొత్తం పఖవాజ్ వాయించే ఆయనకే వినిపించింది. ఆయన రెండు చెవులూ మూసుకుని, "నాకెందుకు ఈ శిక్ష?" అన్నాడు. అందరూ నవ్వారు. దేవన్న నవ్వలేకపోయాడు. రేపే ఐదో రోజు.

ఐదో రోజు సాయంత్రం దీపాలు పెట్టే వేళకు గుడి నిండిపోయింది. బిలోలి నుంచి, ధర్మాబాద్ వైపు నుంచి కూడా ఆడవాళ్ళు జీపుల్లో వచ్చారు. సప్తాహంలో చిన్నాపెద్దా అందరినీ "మావులీ" అని పిలుస్తాం, అమ్మా అని. జరుగు మావులీ, కూర్చో మావులీ, నీళ్ళు తాగు మావులీ. విఠ్ఠలుణ్ణీ అదే పేరుతో పిలుస్తాం. ఆ పిలుపుల మధ్య అనుసూయాబాయి వచ్చి తన పాత చోట కూర్చుంది. పక్కన హార్మోనియం ఉండే చోటును ఎవరో ఖాళీగా వదిలారు. దేవన్న అక్కడ కూర్చున్నాడు. డబ్బా మళ్ళీ దేవుడివైపే చూస్తోంది. ఇంకెటు తిప్పాలో తెలియక అలాగే పెట్టాడు.

దేవన్న మొదటి స్వరం మీటాడు. కూర్చున్న జనం అలికిడికే అది మునిగిపోయింది. మీట తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. పఖవాజ్ మీద చెయ్యి పడగానే యమునాబాయి తాళాలు మోగాయి, వాటి వెంట వరుసంతా మోగింది. దేవన్న మీట చివరిదాకా తిప్పాడు. గర్భగుడిలోంచి బుర్రుమని ఒక ముద్ద శబ్దం వచ్చింది. ముందు వరుసలో ఒక పాప బెదిరి తల్లి కొంగులో దూరింది.

అనుసూయాబాయి కళ్ళు మూసుకుని విన్నది. సుర్ కోసం వెతుకుతున్నట్టు తల కొంచెం వంచింది. దొరకలేదు. కళ్ళు తెరిచింది, తాళాలు పక్కన పెట్టింది, మోకాలి మీద చెయ్యి పెట్టి లేవబోయింది. తాళాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆమె ఇప్పుడు లేస్తే ఇక ఎన్నడూ పాడదని గుడిలో ఉన్న అందరికీ తెలుసు.

దేవన్న గిటారు మెడలోంచి తీయకుండానే లేచి నిలబడ్డాడు. నలుగురిలో మాట్లాడటం అలవాటు లేని మనిషి.

"అవ్వా, జర ఆగు. తప్పు నా వేళ్ళది కాదు, డబ్బాది కాదు. దీని మొకం నీ దిక్కు తిప్పాలంటుండు అమోల్. తిప్పితె దేవునికి వీపు పెట్టినట్టయితది. తిప్పకపోతె నీకు ఇనబడది. పటేలును అడిగిన, తెల్వదన్నడు. దేవుణ్ణి అడిగిన, ఆయన ఏం చెప్పలే. నాకేం సమజయితలేదు. నువ్వే చెప్పు, ఎటు పెట్టాలె?"

అనుసూయాబాయి సగం లేచిన మనిషి అలాగే ఆగింది. డబ్బాను చూసింది. గర్భగుడిలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ విఠ్ఠలుణ్ణి చూసింది. తర్వాత, తల్లి కొంగులో దూరిన పాపను చూసింది. ఆ తల్లి అప్పటికే పిల్లను బయటికి లాగి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కడుపుకు ఆనించుకుని అటూ ఇటూ ఊపుతోంది.

"గింత దానికి ఐదు రోజులు పరేషానయిండ్రా?" అంది అనుసూయాబాయి. "పొద్దుగాల్నించి మావులీ మావులీ అని ఒర్రుతుండ్రు కదా. తల్లి ఒళ్ళె కూసున్న పిల్ల వీపు ఎటుంటది?"

పాప తల్లి తన ఒడిలోకి తాను చూసుకుంది.

"తల్లి దిక్కే ఉంటది," అంది యమునాబాయి. "మొకం లోకం దిక్కు ఉంటది."

"మరి తల్లికి కోపమస్తదా? పిల్ల పడకుంట ఎనుకకెల్లి పట్టుకుంటది. పెట్టు దాన్ని ఆయన ఒళ్ళె."

వెంకట్రావ్ పటేల్ కళ్ళు తుడుచుకున్నాడు, లేక చెమటేమో, నాకు సరిగ్గా కనబడలేదు. "నా చేతుల వీణుంది, కింద పెట్టరాదు. లేకుంటె నేనే తిప్పుదును," అన్నాడు. "తిప్పు దేవన్నా. తిప్పు మావులీ."

అమోల్ బయటికి పరుగెత్తి ప్రహరీ కట్టడానికి తెచ్చిన ఇటుకలు నాలుగు తెచ్చాడు. పూజారి భార్య వాటి మీద తడిగుడ్డ తుడిచి పసుపు బొట్టు పెట్టింది. గర్భగుడి మెట్టు మీద ఇటుకలు పేర్చి, వాటి మీద డబ్బాను ఎత్తి, వీపు లోపలికి, జాలీ అనుసూయాబాయి మొహానికి సరిగ్గా ఎదురుగా పెట్టారు. పెట్టేటప్పుడు దేవన్న చెంపలు వేసుకున్నాడు. అమోల్ లావు చప్పుడు మీట బాగా తగ్గించాడు. దేవన్న చప్పుడు పెంచే మీటను సగానికి తెచ్చాడు.

అనుసూయాబాయి మళ్ళీ కూర్చుంది. దేవన్న ఒక్క స్వరం మీటాడు.

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. తల ఊపింది. ఇంకోసారి మీటమని వేలితో సైగ చేసింది. మీటాడు. ఆమె అందుకుంది.

"పీట వేసితి నీకు, పిలిచితి రావయ్య..."

మొదటి చరణం వట్టి గిటారు మీదే సాగింది. గొంతు కొద్దిగా జీరబోయింది, చాలా రోజులు వాడని తలుపులా. రెండో చరణానికి పఖవాజ్ కలిసింది. తాళాలు లేచేసరికి, అలవాటు ప్రకారం దేవన్న చెయ్యి మీట వైపు పోయింది. అనుసూయాబాయి పాట ఆపకుండానే వద్దని తల అడ్డంగా ఊపింది. దేవన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మరి ఎలా వినిపిస్తుంది? ఆయన కంగారుగా మా వరుసల వైపు చూశాడు. అప్పుడు యమునాబాయి, తన తాళాలను ఎన్నడూ మెల్లగా కొట్టి ఎరగని మనిషి, అంచులు మాత్రం తగిలిస్తూ వాయిస్తోంది. ఆమెను చూసి మేమూ తగ్గించాం. ఎవరూ చెప్పలేదు. పాట వినాలని అందరికీ అనిపించింది, అంతే. తాళాల సందుల్లోంచి గిటారు ఒక్కొక్క చుక్కగా వినిపించింది.

పాట పూర్తయింది. చప్పట్లు కొట్టే చోటు కాదు గనుక విఠ్ఠలా అన్నారు జనం.

దేవన్న మాత్రం డబ్బా వైపు చూస్తూ ఉండిపోయాడు. ఏది కుదిరిందో ఆయనకు తెలియలేదు. మొహం తిప్పడమా? ఇటుకల మీద ఎత్తడమా? లావు చప్పుడు తగ్గించడమా? తాళాల వాళ్ళు తగ్గడమా? పక్కన కూర్చున్న అమోల్ మెల్లగా వంగి, "చూసినవా కాకా, మొకమే!" అన్నాడు. "మొకం కాదు, మేము తగ్గినం," అంది యమునాబాయి అటునుంచి. వెంకట్రావ్ పటేల్ వీణ మీద చెయ్యి ఆనించి విఠ్ఠలుడి వైపు చూశాడు, అంటే ఆయన లెక్క వేరే ఉంది. దేవన్న అందరికీ తల ఊపాడు. రేపు మళ్ళీ ఇలాగే మోగుతుందో లేదో, మోగకపోతే ఏది సరిచేయాలో అడుగుదామని నోరు తెరిచాడు.

అప్పటికే అనుసూయాబాయి ఎవరూ అడగకుండానే రెండో పాట మొదలుపెట్టేసింది. ఇంకాస్త పై సుర్‌లో. దేవన్న ఉలిక్కిపడి వేళ్ళను తీగల మీద వెతుక్కుంటున్నాడు. ఆమె పాడుతూనే అతని మోకాలి మీద తట్టింది, అందుకో బిడ్డా, అన్నట్టు.